పోస్ట్‌డాక్ సంశ్లేషణ ల్యాబ్‌లోనా, జీవశాస్త్ర ల్యాబ్‌లోనా? ఎటు తేల్చుకోలేకపోతున్నాను

అజైడ్_అన్వేషి
పీహెచ్‌డీ చివరి సంవత్సరంలో ఉన్నాను. పట్టా కర్బన రసాయన శాస్త్రంలో వస్తుంది గానీ, చేసిన పని మాత్రం ఒక సెరీన్ హైడ్రొలేజ్ ఎంజైమును (సెరీన్ అనే అమైనో ఆమ్లంతో చర్య జరిపేది) కణంలోనే పట్టుకుని గుర్తించే అణువుల, అంటే ప్రోబ్‌ల, తయారీ. నాలుగున్నరేళ్లలో 23 అణువులు చేస్తే, వాటిలో ఒక్కటి బాగా పనిచేసి ఒక పేపరుగా వచ్చింది. గత నెలలో పోస్ట్‌డాక్ కోసం, అంటే పీహెచ్‌డీ తరువాత మరొకరి ల్యాబ్‌లో చేసే పరిశోధన ఉద్యోగం కోసం, రెండు చోట్ల ఇంటర్వ్యూలకు వెళ్లి వచ్చినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. రసాయన శాస్త్రజ్ఞులు కూర్చున్న చోట "ఇందులో కొత్త చర్య ఏముంది, అన్నీ తెలిసిన మెట్లే కదా" అన్నారు. జీవశాస్త్రజ్ఞులు కూర్చున్న చోట "అణువు సరే, దీనివల్ల ఆ ఎంజైము గురించి మనకు కొత్తగా ఏం తెలిసింది" అని అడిగారు. ఆ రెండో ప్రశ్నకు చూపించడానికి నా దగ్గర ఒక్క స్లైడు కూడా లేదు.

అయినా రెండు చోట్లా రమ్మన్నారు. మొదటిది అణువుల తయారీకి పేరున్న పెద్ద సంశ్లేషణ ల్యాబ్, 30 మంది దాకా ఉంటారు. రెండోది మూడేళ్ల క్రితం మొదలైన చిన్న ల్యాబ్. కణాలలో లిపిడ్ల (కొవ్వుల) జీవక్రియను చదువుతున్నారు, వాళ్లకు రసాయన శాస్త్రం తెలిసిన మనిషి కావాలట. మా గైడ్ మొదటిదే ఎంచుకోమంటున్నారు. స్వతంత్ర పరిశోధకుడిగా నిలబడాలన్నది నా కోరిక. అది కుదరని పక్షంలో ఔషధ పరిశ్రమకు వెళ్లే దారి కూడా మూసుకుపోతుందేమోనన్నది నా భయం. ఈ దారిలో నడిచినవారు ఎవరైనా తమ అనుభవం చెబితే మేలు చేసినవారవుతారు.

ఎంజైమ్_మేస్త్రి
పన్నెండేళ్లుగా ఒక చిన్న బృందాన్ని నడుపుతున్నాను, నియామక కమిటీలలో కూర్చుంటున్నాను. మీకు ఎదురైన రెండు ప్రశ్నలలో మొదటిది పెద్దగా బాధపడవలసినది కాదు, రెండోది మాత్రం ఎప్పటికీ మిమ్మల్ని వదలదు. జీవరసాయన శాస్త్రంలో అధ్యాపక పదవికి వచ్చే దరఖాస్తులలో ఎక్కువ భాగం "నేను ఇది చేయగలను, అది చేయగలను" అన్న పద్ధతుల జాబితాలే. వాటిని పక్కన పెట్టి, "ఈ విషయం ఎవరికీ తెలియదు, తెలుసుకోవడానికి దారి నాకు కనిపిస్తోంది" అని రాసినవారిని పిలుస్తాము.

అమెరికా రసాయన శాస్త్రజ్ఞురాలు కరోలిన్ బెర్టోజీ పనిని చూడండి. ఆమెకు కావలసింది కణం ఉపరితలం మీది చక్కెరలను బతికున్న కణంలోనే చూడటం. వాటిని గుర్తించడానికి ప్రోటీన్లకు ఉన్నంత సులువైన ఉపాయాలు లేవు. అందుకని కణానికి అజైడ్ (మూడు నైట్రోజన్ పరమాణువుల గుంపు) తగిలించిన చక్కెరను తినిపించి, 1919 నాటి స్టౌడింగర్ చర్యకు మార్పులు చేసి, 2000లో ఆ అజైడ్‌ను పట్టుకున్నారు. అది నెమ్మదిగా సాగే చర్య. రాగి ఉత్ప్రేరకంతో అజైడ్‌ను వేగంగా జత చేసే క్లిక్ చర్య అప్పటికే వచ్చింది గానీ, రాగి కణాలకు విషం. అప్పుడు వలయంలో బిగుతుగా వంగిన సైక్లోఆక్టైన్ అనే అణువు అజైడ్‌తో రాగి లేకుండానే కలుస్తుందని 1961లో విట్టిగ్, క్రెబ్స్ చూపించిన పాత విషయాన్ని తవ్వి తీసి, 2004లో కణాల మీద వాడారు. 2022లో నోబెల్ వచ్చింది. ఇందులో ప్రతి చర్యకూ పాత మూలం ఉంది. "కొత్త చర్య ఏముంది" అని అడిగే కమిటీ ఆమెను కూడా అలాగే అడిగి ఉండేది.

కాబట్టి నా ఓటు చిన్న ల్యాబ్‌కే.

కాలమ్_కారుతోంది
మేస్త్రి గారి మాట వినడానికి బాగుంది గానీ, అది ఉద్యోగం వచ్చిన తరువాత చెప్పుకునే మాట. బెర్టోజీ పీహెచ్‌డీ నాటికే గట్టి సంశ్లేషణ చేసినవారు. ఆ పట్టు లేకపోతే సైక్లోఆక్టైన్ కాగితం మీదే ఉండిపోయేది. పద్ధతి చేతిలో ఉంటే ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి. యల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతే తీసుకోండి. 1925లో ఫిస్కేతో కలిసి రక్తంలో, కణజాలంలో భాస్వరాన్ని రంగు తీవ్రతను బట్టి కొలిచే పద్ధతిని ప్రచురించారు. ఆ కొలతలు చేస్తూ పోతే, కండరంలో లెక్కకు అందని భాస్వరం ఒకటి తగిలింది. అది 1927లో, కండరం శక్తిని నిల్వ చేసుకునే ఫాస్ఫోక్రియేటిన్‌గా తేలింది, 1929లో కణానికి శక్తినిచ్చే ఏటీపీ దాకా వెళ్లింది. పద్ధతి లేకపోతే ఆ ప్రశ్నే పుట్టదు.

ఎంజైమ్_మేస్త్రి
కాలమ్ గారు, కండరంలో భాస్వరం ఏం చేస్తోందన్న ఆసక్తి లేకపోతే రంగు చూసి కొలిచే పద్ధతి కోసం అంత శ్రమ ఎందుకు పడతారు? అయితే మీరు చెప్పిన దానిలో సగం ఒప్పుకుంటున్నాను. ఒక నైపుణ్యంలోనైనా అడుగు దాకా దిగి ఉండాలి. అన్నీ కొంచెం కొంచెం తెలిసినవారిని రెండు వైపులా అతిథిగానే చూస్తారు.

కంట్రోల్_ఏది
అజైడ్ గారు, చిన్న సందేహం. ఆ 23 అణువులలో పని చేయకూడని అణువు ఎన్ని?

అజైడ్_అన్వేషి
పని చేయనివి 22 ఉన్నాయి, అది వేరే సంగతి. కావాలని పని చేయకుండా తయారు చేసినది మాత్రం ఒక్కటీ లేదు. ఎంజైములోని ఉత్ప్రేరక సెరీన్‌ను అలనీన్ అనే మరో అమైనో ఆమ్లంగా మార్చి చూశాము. ప్రోబ్ దానికి అంటుకోలేదు.

కంట్రోల్_ఏది
అది మంచి కంట్రోలే (పోలిక కోసం చేసే ప్రయోగం), కానీ సగమే. ప్రోబ్ ఆ సెరీన్‌కు అంటుకుంటుందని అది చెబుతుంది గానీ, కణంలో మీరు చూసిన ప్రభావం ఆ అంటుకోవడం వల్లే వచ్చిందని చెప్పదు. అదే ఆకారంతో ఉండి, చర్య జరిపే కొస మాత్రం చచ్చిపోయిన జంట అణువు ఒకటి కావాలి. దానితోనూ అదే ప్రభావం కనిపిస్తే మీ అణువు ఇంకెక్కడో పని చేస్తోందన్నమాట.

ఇంత పట్టుబట్టడానికి నా సొంత గాయం కారణం. పీహెచ్‌డీలో 14 నెలలు ఒక నిరోధకం (ఎంజైము పనిని ఆపే అణువు) వెంట తిరిగాను. మూడు ఎంజైముల మీద పనిచేసింది. "విస్తృత ప్రభావం" అని పోస్టరు కూడా వేశాను. ఒక సీనియర్ వచ్చి బఫర్ ద్రావణంలో 0.01 శాతం ట్రైటన్ ఎక్స్-100 అనే సబ్బులాంటి పదార్థం వేసి చూడమన్నారు. వేసిన మరుక్షణం నిరోధం మాయం. ఆ అణువు నీటిలో ఉండలు కట్టి, ఎదురైన ప్రతి ప్రోటీన్‌నూ తనకు అంటించుకుంటోంది. 14 నెలల పాటు నేను కొలిచింది సబ్బు లేని లోటును. ఇటువంటి మోసకారి అణువుల నమూనాలను 2010లో బేల్, హాలోవే ఒక జాబితాగా వేశారు; ఉండలు కట్టే సంగతి షోయికెట్ బృందం అంతకు ముందే బయటపెట్టింది. ఆ రెండింటినీ నేను పోస్టరు వేశాకే చదివాను.

మందుల_మనిషి
పరిశ్రమ వైపు నుంచి కొంత వివరంగా చెబుతాను. రసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ చేసి, 15 ఏళ్లుగా ఔషధ ఆవిష్కరణలో ఉన్నాను.

మొదటిది, దారి మూసుకుపోతుందన్న భయం. ఔషధ రసాయన శాస్త్ర బృందాలు ఉద్యోగానికి తీసుకునేటప్పుడు సంశ్లేషణలో చేయి తిరిగిందా అన్నదే ముందు చూస్తాయన్నది నిజం. కానీ మీరు 23 అణువులు చేసి శుద్ధి చేసినవారు. అది పీహెచ్‌డీలోనే రుజువైంది. జీవశాస్త్ర ల్యాబ్‌లో రెండు మూడేళ్లు గడిపినంత మాత్రాన, అణువులను శుద్ధి చేసే కాలమ్ వేయడం మరిచిపోరు. నిజానికి మా దగ్గర అరుదుగా దొరికేది, అస్సే (అణువు పనిని కొలిచే పరీక్ష) ఫలితం చూడగానే "ఈ సంఖ్యను నమ్మవచ్చా" అని అడగగల రసాయన శాస్త్రజ్ఞుడు. అటువంటివారి మాట జీవశాస్త్రజ్ఞులు కూడా వింటారు.

రెండోది, అక్కడి పని తీరు. మీకు ఎంత ఇష్టమైన ప్రాజెక్టునైనా ఒక మంగళవారం మధ్యాహ్నం ఆపేస్తారు. అణువు తప్పు కాకపోవచ్చు, కాలేయంలో తొందరగా విరిగిపోవచ్చు, పోటీదారు ముందు ఉండవచ్చు, సంస్థ తన వ్యాధి రంగాన్నే మార్చుకోవచ్చు. నేను పనిచేసిన తొమ్మిది ప్రాజెక్టులలో రోగుల దాకా వెళ్లింది ఒక్కటే, అదీ రెండో దశలో ఆగింది. ఫలితాలను పేటెంటు వేసేదాకా బయట చెప్పడానికి లేదు. పేటెంటు దరఖాస్తు బయటకు రావడానికి మొదటి దాఖలు నుంచి 18 నెలలు పడుతుంది. పరిశ్రమ నుంచి విశ్వవిద్యాలయానికి తిరిగి వెళ్లాలనుకునేవారికి ఈ పేపర్ల లోటే అడ్డం పడుతుంది. కాబట్టి స్వతంత్ర పరిశోధన మొదటి కోరిక అయితే ముందు అటు ప్రయత్నించడమే క్రమం. ఇటు తలుపు ఎక్కువ కాలం తెరిచి ఉంటుంది.

అలాగని రెండూ వేర్వేరు లోకాలని అనుకోకండి. క్యాన్సర్లలో తరచూ మార్పు చెంది కనిపించే కేరాస్ ప్రోటీన్‌కు మందు పట్టదని దశాబ్దాలుగా అనుకున్నారు. షోకాట్ బృందం 2013లో, 12వ స్థానంలో గ్లైసీన్ అనే అమైనో ఆమ్లం బదులు సిస్టీన్ వచ్చిన రూపానికి సంయోజనీయంగా, అంటే గట్టి రసాయన బంధంతో, అంటుకునే అణువులను చూపించింది. అది విశ్వవిద్యాలయంలో జరిగిన పని. దాని వెంట అనేక సంస్థలు నడిచాయి, 2021లో సోటోరాసిబ్ అనే క్యాన్సర్ మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది.

మాస్_మహర్షి
ప్రొఫెసర్ పదవి, పరిశ్రమ అని రెండే దారులున్నట్టు మాట్లాడుతున్నారు. నేను ఒక సంస్థలో మాస్ స్పెక్ట్రోమెట్రీ (అణువుల బరువు కొలిచే) విభాగాన్ని చూసుకునే స్టాఫ్ సైంటిస్టును. గ్రాంటు దరఖాస్తులు రాయను, ప్రతి వారం వేరే ల్యాబ్ ప్రశ్న నా యంత్రం ముందుకు వస్తుంది. పేపర్లలో నా పేరు మధ్యలో ఉంటుంది, దానితో నాకు పేచీ లేదు. కొయిచి తనాకా ఎలక్ట్రికల్ ఇంజినీరింగులో డిగ్రీ మాత్రమే చేసి, షిమాడ్జు అనే జపాన్ పరికరాల కంపెనీలో ఇంజినీరుగా ఉంటూ 2002లో నోబెల్ అందుకున్నారు. కోబాల్టు పొడిలో పొరపాటున గ్లిజరిన్ కలిపి, పారబోయడం ఇష్టం లేక దాన్నే లేజర్ కింద పెడితే, పెద్ద అణువులు విరగకుండా ఎగిరాయి.

కాలమ్_కారుతోంది
మా ల్యాబ్‌లో పొరపాటున కలిపినవి ఇప్పటిదాకా సింకు పైపును మాత్రమే కరిగించాయి.

నిశ్శబ్ద_పాఠకురాలు
ఏళ్లుగా చదవడమే తప్ప రాయలేదు. ఈ ప్రశ్నకు మాత్రం రాయకుండా ఉండలేకపోతున్నాను. ల్యాబ్ ఏ విభాగానిదన్న దానికన్నా, అందులోంచి బయటకు వెళ్లేటప్పుడు మీ చేతిలో ఏం ఉంటుందన్నది ముఖ్యం. నేను ఒక పెద్ద ల్యాబ్‌లో నాలుగేళ్లు పోస్ట్‌డాక్ చేశాను. రెండు మంచి పేపర్లు వచ్చాయి. సొంత పదవులకు దరఖాస్తు పెట్టే సమయం వచ్చాక, నేను కట్టిన ప్రాజెక్టును నాతో తీసుకువెళ్లడానికి లేదని, అది ల్యాబ్‌లోనే కొనసాగుతుందని చెప్పారు. కొత్త ప్రాజెక్టు ఆలోచించి, దానికి తొలి ఫలితాలు సంపాదించేసరికి ఇంకో ఏడాదిన్నర పోయింది. ఆ మధ్యలో పాప పుట్టింది. దరఖాస్తులో ఆ విరామం గురించి ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాను, దాని గురించి ఎవరూ తప్పు పట్టలేదు. తప్పు పట్టింది ప్రాజెక్టు గురించే: "ఇది మీ పాత గైడ్ పనికి ఎలా వేరు?"

అందువల్ల చేరకముందే మూడు సంగతులు అడగండి. వెళ్లేటప్పుడు ఏ భాగం మీది అవుతుందో ఈమెయిల్‌లో రాసి ఇవ్వమనండి. గత ఐదేళ్లలో అక్కడి నుంచి వెళ్లినవారు ఇప్పుడు ఎక్కడున్నారో కనుక్కోండి. వాళ్లలో కనీసం ఇద్దరితో, గైడ్ పరిచయం చేయనివారితో, మాట్లాడండి.

ఎంజైమ్_మేస్త్రి
పాఠకురాలు గారు చెప్పిన దానికి నా మొదటి పోస్టు కన్నా విలువ ఎక్కువ. నేను కూడా నా పోస్ట్‌డాక్‌లకు ఆ మాట మొదటి నెలలోనే రాసి ఇస్తున్నాను. ఇవ్వాలని నాకు తోచింది మాత్రం, ఒకరితో గొడవపడి విడిపోయిన తరువాతే.

భౌతికం_నుంచి_వచ్చాను
రంగం మారడం గురించి ఒక మాట. వెంకీ రామకృష్ణన్ 1976లో భౌతిక శాస్త్రంలో పీహెచ్‌డీ పూర్తి చేసి, రెండేళ్ల పాటు మళ్లీ విద్యార్థిగా జీవశాస్త్రం తరగతులలో కూర్చున్నారు. పోస్ట్‌డాక్ తరువాత దాదాపు 50 చోట్ల దరఖాస్తు పెట్టినా అధ్యాపక పదవి రాలేదు. చివరికి 2009లో, కణంలో ప్రోటీన్లను తయారు చేసే రైబోజోమ్ నిర్మాణానికి నోబెల్ వచ్చింది. మీరు మారుతున్నది పక్క గదిలోకే. హ్యూమన్ ఫ్రాంటియర్ సైన్స్ ప్రోగ్రామ్ వారి ఫెలోషిప్పులలో, జీవశాస్త్రం కాని రంగంలో పీహెచ్‌డీ చేసి జీవశాస్త్రంలోకి వచ్చేవారికోసమే ఒక విభాగం ఉంది. నేను దానికి దరఖాస్తు పెట్టాను, రాలేదు. కానీ ఆ దరఖాస్తు కోసం రాసిన నాలుగు పేజీలే ఈనాటికీ నా పరిశోధనకు పునాది. ఏ ల్యాబ్‌కు వెళ్లినా సొంత ఫెలోషిప్పు డబ్బుతో వెళ్లేవారికి ప్రాజెక్టు ఎంపికలో కొంచెం ఎక్కువ స్వేచ్ఛ దొరుకుతుంది.

కాలమ్_కారుతోంది
మనం అందరమూ గెలిచినవారి కథలే చెబుతున్నాము. డగ్లస్ ప్రాషర్ పేరు ఎవరూ ఎత్తలేదు. జెల్లీచేపలోని ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్ జన్యువును విడదీసి 1992లో ప్రచురించింది ఆయనే. నిధులు అయిపోయి, ఆ జన్యువును చాల్ఫీ, సియెన్ అనే మరో ఇద్దరు శాస్త్రజ్ఞులకు పంపించి తాను తప్పుకున్నారు. 2008లో ఆ ప్రోటీన్‌కు, దాన్ని మొదట వేరు చేసిన షిమోమురాతో పాటు వాళ్లిద్దరికీ నోబెల్ ప్రకటించిన రోజున, ప్రాషర్ ఒక కార్ల షోరూములో ఖాతాదారులను దింపి వచ్చే వ్యాన్ నడుపుతున్నారు. ప్రశ్న మంచిదే, పనీ మంచిదే. డబ్బు ముందుగా ఆగింది, అంతే. సుబ్బారావు గారికి కూడా హార్వర్డ్‌లో శాశ్వత స్థానం దక్కక, 1940లో లెడర్లీ అనే మందుల సంస్థకు వెళ్లారు. కనుక అజైడ్ గారికి నేను చెప్పేది "పెద్ద ల్యాబ్‌కు వెళ్లండి" అని కూడా కాదు. ఆ చిన్న ల్యాబ్‌కు డబ్బు ఎన్నేళ్లకు ఉందో అడగండి. మూడేళ్ల క్రితం మొదలైందంటే ప్రారంభ నిధులు సరిగ్గా మీరు చేరే ఏడాదే అయిపోతుండవచ్చు.

భౌతికం_నుంచి_వచ్చాను
నిజమే, ఆ సంగతి నాకు తట్టలేదు.

కొత్త_బ్యూరెట్
నేను ఇంకా ఎంఎస్సీలోనే ఉన్నాను. ప్రోటీన్ ఆకారాలను లెక్కగట్టే ఆల్ఫాఫోల్డ్ ప్రోగ్రామ్ చేసినవారికి 2024లో నోబెల్ కూడా వచ్చింది కదా. ప్రోటీన్ ఆకారాలు కంప్యూటరే చెబుతుంటే, బెంచి దగ్గర నిలబడి చేసే జీవరసాయన శాస్త్రానికి ఇంకా భవిష్యత్తు ఉందా?

ఎంజైమ్_మేస్త్రి
ఆకారం తెలిస్తే తాళం బొమ్మ చేతికి వచ్చినట్టే. తలుపు ఎంత వేగంగా తెరుచుకుంటుందో, లోపల ఎవరున్నారో బొమ్మ చెప్పదు. ఎంజైము సెకనుకు ఎన్ని అణువులను మారుస్తుంది, నిరోధకం ఎంతసేపు పట్టుకుని ఉంటుంది, కణంలో ఆ ప్రోటీన్ ఏ భాగస్వాములతో ఉంటుంది అన్నవి ఇంకా కొలవవలసినవే. అయితే కంప్యూటరు పని నేర్చుకోకుండా ఉండవచ్చని మాత్రం అనుకోకండి. మా ల్యాబ్‌లో ఇప్పుడు ఏ మ్యూటెంట్ (మార్చిన ప్రోటీన్) చేయాలన్నా ముందు ఆ నమూనా తెరిచి చూస్తాము.

కొలత అనగానే గుర్తొచ్చింది. అజైడ్ గారు, మీ ప్రోబ్ బలాన్ని ఇంటర్వ్యూలో ఏ సంఖ్యతో చెప్పారు?

అజైడ్_అన్వేషి
ఐసీ50, అంటే ఎంజైము పనిని సగానికి తగ్గించే గాఢత, చెప్పాను. 40 నానోమోలార్.

ఎంజైమ్_మేస్త్రి
అనుకున్నాను. మీ అణువు సెరీన్‌కు సంయోజనీయంగా, తిరిగి విడిపోకుండా అంటుకుంటుంది. అటువంటి అణువును ఎంజైముతో ఎక్కువసేపు ఉంచితే ఐసీ50 తగ్గుతూ పోతుంది. పది నిమిషాలకు ఒక సంఖ్య, గంటకు మరో సంఖ్య. సమయం చెప్పని 40 నానోమోలార్‌కు అర్థం లేదు. మొదట ఎంత గట్టిగా కూర్చుంటుందో చెప్పే కేఐ, కూర్చున్నాక ఎంత వేగంగా బంధం వేస్తుందో చెప్పే కే-ఇనాక్ట్ విడివిడిగా కొలిచి, రెండోదాన్ని మొదటిదానితో భాగించి చెప్పాలి. మీ జీవశాస్త్రజ్ఞులు "ఏం తెలిసింది" అని అడిగినప్పుడు ఈ రెండు సంఖ్యలు చేతిలో ఉంటే, 23 అణువులలో 22 ఎందుకు ఓడిపోయాయో కూడా చెప్పగలిగేవారు: సరిగ్గా కూర్చోలేకపోయాయా, కూర్చుని కూడా బంధం వేయలేకపోయాయా? అదే మీ దగ్గర లేని స్లైడు. ఎంజైము, అణువులు ఇంకా ఫ్రీజరులో ఉంటే మూడు వారాల పని.

మందుల_మనిషి
పై పోస్టును ముద్రించి గోడకు అంటించుకోండి. మా దగ్గర ఇంటర్వ్యూలలో నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే. పదిమందిలో ఏడుగురు ఐసీ50 దగ్గరే ఆగిపోతారు.

నిశ్శబ్ద_పాఠకురాలు
ఆ కొలతలో పాత ఫలితం తప్పని తేలితే దాచకండి. ఎంజైముల పరిశోధకురాలు ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్ 2018లో నోబెల్ అందుకున్నాక, బీటా-లాక్టమ్‌లనే అణువుల మీద వచ్చిన తన పేపరు ఒకదానిలోని ఫలితం మళ్లీ రాకపోవడంతో 2020 జనవరిలో దాన్ని వెనక్కి తీసుకుని, ఆ సంగతి తానే బహిరంగంగా చెప్పారు. ఆమె పేరుకు ఏమీ లోటు రాలేదు.

కాలమ్_కారుతోంది
నోబెల్ చేతిలో ఉన్నవారికి లోటు రాదు. చివరి సంవత్సరం విద్యార్థికి రావచ్చు. అయినా దాచవద్దన్న మాట మాత్రం సరైనదే. దాచినది రెండేళ్ల తరువాత మరో ల్యాబ్ చేతిలో బయటపడితే అంతకన్నా హీనంగా ఉంటుంది.

అజైడ్_అన్వేషి
ఐదు వారాల తరువాత మళ్లీ వస్తున్నాను. ముందుగా కొలతల సంగతి. 23లో ఫ్రీజరులో చెడకుండా మిగిలినవి 19. వాటిలో 11 అణువులు ఎంజైములో చక్కగా కూర్చుంటున్నాయి గానీ బంధం వేయడం లేదు; అంటే నేను నాలుగేళ్లు కూర్చునే భాగాన్ని మెరుగుపరుస్తూ, అసలు లోపం ఉన్న కొసను ముట్టుకోలేదు. మా గైడ్ గ్రాఫును చాలాసేపు చూసి, "ఇది మొదటి సంవత్సరంలో చేసి ఉండవలసింది" అని మాత్రం అన్నారు. ఆ 11లో ఒకటి, పనిచేసే ప్రోబ్‌కు అన్ని విధాలా జంటగా ఉంది, కొస ఒక్కటే వేరు.

ఇక ల్యాబ్‌ల సంగతి. పెద్ద ల్యాబ్ నుంచి వెళ్లిన ముగ్గురితో మాట్లాడాను. ఇద్దరు పరిశ్రమలో బాగున్నారు, సొంత ల్యాబ్ పెట్టినవారు ఎవరూ ఈ ఐదేళ్లలో లేరు. చిన్న ల్యాబ్‌ను నడిపే ఆమెను డబ్బు గురించి అడిగితే దాచకుండా చెప్పారు: చేతిలో ఉన్నది రెండేళ్లకు, కొత్త గ్రాంటు ఫలితం ఆరు నెలలలో తెలుస్తుంది. ప్రాజెక్టు విషయం రాసి ఇవ్వమంటే, లిపిడ్ ఎంజైముల ప్రోబ్‌లు నావి, వాటితో బయటపడే కణ జీవశాస్త్రం ఇద్దరిదీ అని రాసి పంపారు. అక్కడికే వెళ్తున్నాను. ఫెలోషిప్పు దరఖాస్తు కూడా మొదలుపెట్టాను, ఒకటిన్నర పేజీ అయింది.

కాలమ్_కారుతోంది
రెండేళ్ల డబ్బు అంటే నేనైతే వెళ్లను. కానీ ముందే చెప్పారంటే ఆవిడ మంచి మనిషే అయి ఉండాలి. ఏడాది తిరిగేసరికి రెండో ఏర్పాటు ఒకటి మనసులో ఉంచుకోండి.

కంట్రోల్_ఏది
ఆ జంట అణువును కణాల మీద వేశారా?

అజైడ్_అన్వేషి
సోమవారం వేస్తున్నాను. అణువులను కరిగించే ద్రావకం డీఎంఎస్‌వో మాత్రమే వేసిన గిన్నె కూడా పక్కనే ఉంటుంది, మీరు అడగకముందే చెబుతున్నాను.

కంట్రోల్_ఏది
ఎంత శాతం?